డెలికాటెస్సెన్: గొట్టాల్లో వినిపించే ఆకలి

సినిమా మొదలవుతూనే వినిపించేది కత్తి నూరుతున్న చప్పుడు. చుట్టూ ఏ ఇల్లూ మిగలని చోట, పసుపు రంగు తిరిగిన పొగమంచులో ఒక పాత మేడ ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని అడుగున మాంసం కొట్టు. కొట్టులోంచి బయల్దేరిన గొట్టాలు గోడల వెంట పాకుతూ పై అంతస్తుల దాకా వెళతాయి. కెమెరా ఆ గొట్టాల వెంటే పైకి ఎక్కుతుంది, కత్తి చప్పుడు కూడా దానితోపాటే ఎక్కుతుంది. పై గదిలో ఒక మనిషి ఒంటి నిండా కాగితాలూ చెత్తా చుట్టుకుంటున్నాడు. చెత్తడబ్బాలో దూరి, చెత్తబండిలో ఆ ఇంటి నుంచి బయటపడాలన్నది అతని ఆలోచన. కింద కత్తి ఆగితే పైన అతని ఊపిరి ఆగుతుంది, కత్తి మళ్లీ కదిలితే అతని చేతులు మళ్లీ కదులుతాయి. అతను డబ్బాలో చేరి, బండి గుమ్మం ముందుకు వచ్చాక, డబ్బా మూత తెరుచుకుంటుంది. పైనుంచి కసాయి ముఖం తొంగి చూస్తుంది, ఎత్తిన కత్తి దిగుతుంది, తెర మీద సినిమా పేరు పడుతుంది. ఒక్క మాట వివరణ లేకుండానే, ఈ ఇంట్లో ఏం జరుగుతున్నదో, ఎవరికి ఏది ఎలా చేరుతున్నదో చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

1991 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో విడుదలైన ఈ 99 నిమిషాల సినిమాకు దర్శకులు ఇద్దరు: ఝాన్-పియెర్ జునే, మార్క్ కారో. ఇద్దరికీ ఇది మొదటి పూర్తినిడివి చిత్రం. రచనలో వారితోపాటు జిల్ ఆద్రియాన్ పాలుపంచుకున్నారు. కారో ఫ్రెంచ్ బొమ్మల కథల పత్రికల్లో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. జునే యానిమేషన్ మీద మక్కువతో చిన్న సినిమాలు తీస్తూ వచ్చినవాడు. ఇద్దరూ కలిసి అంతకు పదేళ్ల ముందే బొమ్మలతో, తర్వాత మనుషులతో లఘుచిత్రాలు తీశారు. నటీనటుల పని ప్రధానంగా జునే చూసుకుంటే, తెర మీద కనిపించే లోకం రూపురేఖలు కారో చూసుకునేవారని ఆ జంట గురించి ఎప్పటినుంచో చెప్పుకునే మాట. వాళ్లు మొదట తీయాలనుకున్నది ఇంతకంటే చాలా ఖరీదైన కథ. దానికి పెట్టుబడి దొరకక, ఒకే ఇంట్లో జరిగిపోయే ఈ కథను ముందు చేపట్టారు. ఆ పెద్ద కథ తర్వాత 1995లో వేరే సినిమాగా వచ్చింది. కథకు విత్తనం మాత్రం జునే నిజజీవితంలోనే ఉంది. పారిస్‌లో ఆయన ఒక మాంసం కొట్టు పై వాటాలో ఉండేవారు. పొద్దున్నే కింద నుంచి కత్తి దెబ్బలు వినిపిస్తుంటే, ఈ కసాయి ఇరుగుపొరుగు వాళ్లనే నరుకుతున్నట్టున్నాడు, రేపో మాపో మన వంతు వస్తుంది అని ఇంట్లో నవ్వుకున్న మాట ఇంత దూరం వచ్చింది.

సినిమా పేరు కూడా గమనించదగ్గదే. జర్మన్ నుంచి ఫ్రెంచ్‌లోకి వచ్చిన ఆ మాటకు మేలిరకం తినుబండారాలు అమ్మే అంగడి అని అర్థం. తినడానికి ఏమీ దొరకని లోకంలో కొట్టు మీద ఆ బోర్డు అలాగే ఉండిపోయింది. లోపల అమ్మేది మారిపోయింది, పేరు మారలేదు.

కథ చెప్పుకుంటే చిన్నదే. లోకం ఎందుకు పాడైందో, ఎప్పుడు పాడైందో సినిమా చెప్పదు. పంటలు లేవు, పశువులు లేవు, డబ్బుకు విలువ లేదు. మొక్కజొన్నలూ పప్పుగింజలే నాణేలు. మేడ యజమాని అయిన కసాయి క్లాపే ఇంటి పనులు చేసిపెట్టే మనిషి కావాలని పత్రికలో ప్రకటన ఇస్తాడు. ఆకలితో వచ్చినవాణ్ణి పనిలో పెట్టుకుంటాడు, కొన్నాళ్ల తర్వాత ఒక రాత్రి అతన్ని కొట్టులో మాంసం చేస్తాడు. అద్దెకున్నవాళ్లు గింజలు ఇచ్చి ఆ మాంసం కొనుక్కుంటారు. అలా ఒక ఖాళీలోకి లుయిజోన్ అనే పాత సర్కస్ విదూషకుడు వచ్చి చేరతాడు. అతని సర్కస్ జోడీ ఒక చింపాంజీ. ఆకలిగొన్న జనం దాన్ని చంపి తినేశారు. ఆ దుఃఖాన్ని గుండెలో దాచుకుని అతను గోడలకు రంగులు వేస్తాడు, గొట్టాలు బాగు చేస్తాడు, మెట్ల మీద పిల్లలకు పొగ నింపిన సబ్బు బుడగలు ఊది చూపిస్తాడు. కసాయి కూతురు జ్యూలీ అతన్ని ప్రేమిస్తుంది. అతన్ని కాపాడుకోవడానికి ఆమె, భూమి కింద మురుగు కాలువల్లో దాగిన శాకాహార తిరుగుబాటుదారుల సాయం కోరుతుంది. ఆ తర్వాతి భాగమంతా రక్షించడం, వెంటాడటం, ఇల్లు మునగడం, కసాయి పతనం.

నరమాంసం చుట్టూ తిరిగే కథ కదా అని భయపడి ఈ సినిమాకు దూరంగా ఉండేవాళ్లు కొందరుంటారు. నిజానికి ఇందులో రక్తం చాలా తక్కువ. నరికే దృశ్యాలు తెర మీద దాదాపు లేవు. తెర మీద ఉండేది లెక్క. ఎన్ని గింజలకు ఎంత మాంసం, అద్దె బాకీ ఎవరిది, ఈ వారం గడవాలంటే ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్న ఇంటి ఖర్చుల లెక్క. కసాయి మాటల్లో కోపం కంటే వ్యాపారం ఎక్కువ వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన లుయిజోన్ భుజాలు, చేతులు అతను చూసే చూపు సంతలో బేరానికి వచ్చినవాడు పశువును తడిమి చూసే చూపు. లుయిజోన్ బక్కపలచటి మనిషి కావడమూ, పని బాగా చేయడమూ అతని ఆయువును నాలుగు రోజులు పొడిగిస్తాయి. అతన్ని ఇంకా ఎందుకు ఉంచావని మొదట అడిగేది కసాయి కాదు, అద్దెకున్నవాళ్లు.

సినిమా చెబుతున్న అసలు సంగతి అక్కడ ఉంది. ఆ మేడలో రాక్షసుడు ఒక్కడే అయితే ఇది మామూలు భయానక కథ అయ్యేది. క్లాపే కత్తి పట్టుకున్నవాడు మాత్రమే. కత్తికి అనుమతి ఇస్తున్నది మెట్ల పొడవునా ఉన్న తలుపులు. రాత్రిపూట మెట్ల మీదికి వెళ్లకూడదని అందరికీ తెలుసు. ఎందుకు వెళ్లకూడదో ఎవరూ పైకి అనరు. తాపియోకా అనే కుటుంబపెద్ద ఇల్లు గడవక, బాకీ తీరక, చివరికి ఆ ఇంట్లోని ముసలమ్మను కసాయి లెక్కలో వేయడానికి ఒప్పుకుంటాడు. ఆ తర్వాత అతని ఇంట్లో వాళ్లు ఏడుస్తారు, ఆ ఏడుపు నిజమైనదే. మాంసం కూడా తీసుకుంటారు. ఏడుపు ఒక గదిలో, పొయ్యి ఇంకో గదిలో ఉండగలగడాన్ని ఇంత నిబ్బరంగా చూపిన సినిమాలు అరుదు. బ్లాక్ కామెడీ అనే మాటకు నిఘంటువులో ఏ అర్థం ఉన్నా, ఇక్కడ దానికి అర్థం ఇది: చేయరాని పనిని మనుషులు ఇంటిపని చేసినంత మామూలుగా చేయడం. నవ్వు పుట్టేది ఆ మామూలుతనం నుంచి. ఒళ్లు జలదరించేదీ దాని నుంచే.

ఫ్రెంచ్ ప్రేక్షకులకు ఇందులో మరో పొర కూడా తెలుస్తుంది. పేరుకు ఇది రాబోయే కాలం కథ. కానీ తెర మీద ఉన్న రేడియోలు, బట్టలు, దీపాలు, గోడ కాగితాలు అన్నీ 1940లనాటివి. 1940 నుంచి 1944 దాకా జర్మన్ ఆక్రమణలో గడిచిన సంవత్సరాలు ఆ దేశపు జ్ఞాపకంలో ఆకలితో ముడిపడి ఉన్నాయి. వయసును బట్టి, చేసే పనిని బట్టి మనుషులను అక్షరాల కింద విడగొట్టి రేషన్ కార్డులు ఇచ్చారు. అంతకుముందు పశువులకు వేసే దుంపలు మనుషుల పళ్లేల్లోకి వచ్చాయి. మాంసం, వెన్న నల్లబజారులో దొరికేవి. పొరుగువాడి మీద సంతకం లేని ఉత్తరాలు అధికారులకు అందేవి. యుద్ధం ముగిసినా రేషన్ వెంటనే పోలేదు, 1949 దాకా సాగింది. అద్దెవాళ్ల గుసగుసలు, గోడకు చెవి ఆనించడం, ఆయుధం పట్టుకుని తిరిగే పోస్ట్‌మ్యాన్ పెత్తనం, భూగర్భంలో దాగిన దళం, ఇవన్నీ ఆ కాలం నుంచి నడిచి వచ్చిన ఆకారాలు. పారిస్ ఆకలి చరిత్ర అంతకంటే పాతది కూడా. 1870-71 శీతాకాలంలో ప్రష్యా సేనలు నగరాన్ని చుట్టుముట్టినప్పుడు జనం గుర్రాలను, పిల్లులను, ఎలుకలను తిన్నారు. జంతుప్రదర్శనశాలలో పిల్లలకు ముద్దయిన కాస్టర్, పోలక్స్ అనే రెండు ఏనుగులు కూడా మాంసం కొట్టుకు అమ్ముడుపోయాయి. లుయిజోన్ చింపాంజీ గతి ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లకు పూర్తి కల్పనగా అనిపించదు.

ఇక గొట్టాల సంగతి. ఆ మేడలో గోడలు మనుషులను విడదీస్తాయి, గొట్టాలు కలుపుతాయి. కింద చేసే చప్పుడు పైకి, పైన పలికిన గుసగుస పక్కకు పాకుతూనే ఉంటుంది. అక్కడ రహస్యం దాగదు. అయినా ఎవరూ ఏమీ విననట్టే ఉంటారు. ఈ సినిమాలో చూపు కంటే వినికిడి ముఖ్యమని చెప్పడానికి స్ప్రింగుల మంచం దృశ్యాన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు. విడుదల సమయంలో ప్రచారచిత్రంగా కూడా ఆ ఒక్క దృశ్యాన్నే వాడుకున్నారు.

కసాయి, అతనికి దగ్గరైన మదమ్వాజెల్ ప్లూస్ మంచం మీద చేరతారు. మంచం స్ప్రింగులు కిర్రుమంటాయి. మొదట నెమ్మదిగా, ఒక తాళంలో. ఆ చప్పుడు గొట్టాల వెంట ఇల్లంతా వ్యాపిస్తుంది. ఒక గదిలో జ్యూలీ చెల్లో అనే పెద్ద తీగవాద్యం సాధన చేస్తోంది, ఆమె కమాను ఆ తాళంలోకి వస్తుంది. ఇంకో చోట ఒక ఆడమనిషి తివాచీ దులుపుతోంది, ఆమె దెబ్బ ఆ తాళానికి పడుతుంది. ఒకరు సైకిల్ ట్యూబులోకి గాలి కొడుతున్నారు. ముసలమ్మ ఊలు అల్లుతోంది. అదే మేడలో అద్దెకుండే క్యూబ్ సోదరులు తమ పనిబల్ల దగ్గర అంబా అని అరిచే బొమ్మ డబ్బాలకు రంధ్రాలు వేస్తున్నారు. లుయిజోన్ తన ప్యాంటు పట్టీలను ఆధారం చేసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ పైకప్పుకు రోలరుతో రంగు పూస్తున్నాడు. మంచం వేగం పెరుగుతుంది. ఎవరూ అనుకోకుండానే అందరి వేగమూ పెరుగుతుంది. ముక్కలు చిన్నవవుతూ, ఒకదాని మీదికి ఒకటి తోసుకొస్తూ, చివరకు ఒక్క క్షణంలో చెల్లో తీగ తెగుతుంది, ట్యూబు పేలుతుంది, పట్టీ ఊడి లుయిజోన్ కింద పడతాడు. ఇల్లంతా నిశ్శబ్దం.

ఈ దృశ్యాన్ని హాస్యం కోసం తీసిన చమత్కారంగా మాత్రమే చూసి వదిలేయడం దానికి అన్యాయం. కసాయి లయలో ఇల్లంతా కదలడం ఆ మేడ రాజకీయమే. అతని ఆకలి తీరే తీరుకు మిగతా అందరూ, ఇష్టం ఉన్నా లేకున్నా, తెలిసినా తెలియకున్నా, చేతులు కలుపుతున్నారు. అదే మాట సంభాషణల్లో చెప్పించి ఉంటే ఉపన్యాసం అయ్యేది. ఎడిటర్ ఎర్వే ష్నెడ్ దాన్ని కత్తెరతో చెప్పారు. 1992లో ఫ్రెంచ్ సెజార్ పురస్కారాల్లో ఈ సినిమాకు తొలి చిత్రం, రచన, కళాదర్శకత్వంతోపాటు ఎడిటింగ్ విభాగంలోనూ బహుమతి దక్కడానికి ఈ రెండు నిమిషాల కూర్పు ఒక్కటీ చాలు అనిపిస్తుంది.

ఆ మంచం మళ్లీ వస్తుంది. స్ప్రింగులు బాగు చేయమని లుయిజోన్‌ను పిలుస్తారు. ఏ స్ప్రింగు కిర్రుమంటోందో తెలుసుకోవడానికి అతను, ప్లూస్ పక్కపక్కన కూర్చుని, టీవీలో వస్తున్న హవాయి పాటకు అనుగుణంగా కొద్దికొద్దిగా ఎగురుతూ, వంగుతూ, పక్కలకు ఒరుగుతూ ఉంటారు. ముఖాల్లో ఒక్క భావమూ మారదు. మొదటి దృశ్యంలో లయ ఒకడిది, మిగతావాళ్లు దానికి లొంగారు. ఇక్కడ లయ ఇద్దరిదీ. ప్లూస్ పాత్రలో కరీన్ వియార్ కళ్లు ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం ఈ సినిమాలోని సున్నితమైన క్షణాల్లో ఒకటి.

ప్రేమకథ కూడా వినికిడి మీదే నడుస్తుంది. జ్యూలీకి చూపు తక్కువ. లుయిజోన్‌ను టీకి పిలిచిన సాయంత్రం కళ్లద్దాలు లేకుండా అందంగా కనిపించాలని ఆమె ఆశ. అందుకని కప్పు ఎక్కడ, కెటిల్ ఎక్కడ, కుర్చీ ఎన్ని అడుగుల దూరంలో అన్నది ముందే చేతులతో కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. అతను వచ్చి ఆమె అనుకున్న చోట కాక వేరే చోట కూర్చుంటాడు. ఇక ఆమె కంఠస్థం చేసిన గది అంతా తలకిందులవుతుంది. టీ ఒలుకుతుంది. మరీ-లోర్ దున్యాక్ ఆ తడబాటులో ఎక్కడా నవ్వు కోసం ప్రయత్నించదు, సిగ్గును సిగ్గుగానే ఉంచుతుంది. దొమినిక్ పినోన్ లుయిజోన్‌గా ఆ తడబాటును చూడనట్టు నటించే మర్యాద చూపిస్తాడు. నలిగిన రబ్బరులా ఎటు లాగితే అటు వచ్చే ముఖం అతనిది, అయినా ఈ దృశ్యంలో దాన్ని దాదాపు కదపడు. తర్వాత ఆమె చెల్లో తీస్తుంది, అతను వడ్రంగి రంపాన్ని మోకాళ్ల మధ్య వంచి కమానుతో వాయిస్తాడు. కోసే పనిముట్టు పాడటం మొదలుపెడుతుంది. కార్లోస్ దాలెస్సియో సంగీతంలో ఆ రెండు స్వరాలూ కలిసే చోట, కింద కొట్టులో నూరుతున్న కత్తికి ఈ ఇంట్లో ఒక జవాబు ఉందని మొదటిసారి అనిపిస్తుంది. లుయిజోన్ నమ్మకం కూడా ఆ రంపం స్వరంలాగే మెత్తనిది: ఎవరూ పూర్తిగా చెడ్డవారు కారు, పరిస్థితులు అలా చేస్తాయి, లేదా తాము చేస్తున్నది చెడు అని వారికి తెలియదు. సినిమా ఆ మాటను వెక్కిరించదు. అలాగని కసాయిని క్షమించదు కూడా.

ఝాన్-క్లోద్ ద్రేఫూస్ పోషించిన ఆ కసాయి కేవలం భయం పుట్టించే మనిషి అయివుంటే పని సులువు. కూతురి ముందు అతని గొంతు మారుతుంది. ఆమె తనను అసహ్యించుకుంటోందని తెలిసిన తండ్రి బాధ అతని భారీ శరీరంలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటుంది. ఈ వ్యవస్థ వల్లే నువ్వు బతికి ఉన్నావు అన్నది అతని వాదం. ఆమె దగ్గర దానికి జవాబు మాటల్లో లేదు. అందుకే మురుగు కాలువలోకి దిగుతుంది.

ఆ కాలువల్లోని దళం గురించి మాత్రం కొంత అసంతృప్తి చెప్పక తప్పదు. నూనె పూసిన దుస్తులు, నుదుటిన దీపాలు, తికమక సంకేతాలతో తిరిగే ఆ మనుషులు చూడటానికి సరదాగా ఉన్నా, పై అంతస్తుల మనుషులకు ఉన్న లోతు వారికి దక్కలేదు. పైన ఒక్కో తలుపు వెనక ఒక్కో జీవితం ఉంటే, కింద అందరికీ కలిపి ఒకే గుణం. కథ వాళ్ల చేతుల్లోకి వెళ్లినప్పుడల్లా లయ కొంత సడలుతుంది. చివరి అరగంటలో వేగం పెరిగి, ఇల్లు నీళ్లతో కొట్టుకుపోయేటప్పుడు కళ్లకు పండుగే, కానీ ముందు గంటలో పేరుకున్న నిశ్శబ్దపు బరువు కొంత ఆ నీటితోపాటే పోతుంది.

మరో సున్నితమైన విషయం ఓరోర్ ఎంతెర్లిగాతోర్ పాత్ర. కలిగిన ఇంటి ఇల్లాలు, భర్త మర్యాదస్తుడు, ఆమెకు మాత్రం గోడల్లోంచి ఏవో గొంతులు వినిపిస్తాయి, చనిపొమ్మని చెబుతాయి. ఆమె మళ్లీ మళ్లీ ప్రాణం తీసుకోబోతుంది, ఆమె చేసిన గొలుసుకట్టు ఏర్పాట్లు ప్రతిసారీ చివరి అడుగులో విఫలమవుతాయి. మూకీ సినిమాల నాటి యంత్రహాస్యం తరహాలో తీసిన ఈ దృశ్యాలు నేటి ప్రేక్షకుల్లో చాలామందికి ఇబ్బంది కలిగిస్తాయి, అది న్యాయమైన ఇబ్బందే. ఒక మనిషి యాతన ఇక్కడ బొమ్మల పెట్టెలా అమరింది. అయితే ఆ గొంతులు ఆమె భ్రమ కావని, పొరుగు గదిలోనివాడు గొట్టంలోంచి పలికిస్తున్నవని తెలిశాక దృశ్యం రంగు మారుతుంది. ఆమెకు పిచ్చి లేదు. ఆ ఇంట్లో విన్నది విన్నట్టు నమ్మింది, అంతే. మిగతావాళ్లు వినీ విననట్టు ఉండటం వల్ల బతుకుతున్నారు.

ఈ సినిమా ఇప్పుడు 4కె పునరుద్ధరణతో మళ్లీ ప్రేక్షకుల ముందుకు రావడం ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే, పునరుద్ధరణ అంటే ఏమిటో కొంచెం చూడాలి. తెలుగు ప్రేక్షకులకు 4కె అనే మాట కొత్తది కాదు. 2022 నుంచి పాత హిట్ సినిమాలు 4కెలో థియేటర్లకు తిరిగి రావడం, అభిమానులు పండుగ చేసుకోవడం మామూలైంది. అంతకుముందు 2010లో 'మాయాబజార్' రంగులు అద్దుకుని వచ్చింది. ఆ ప్రయత్నం వెనుక ఉన్న ప్రేమను తక్కువ చేయనక్కర్లేదు, కానీ రంగులద్దడం, పునరుద్ధరించడం ఒకటి కావు. మొదటిది సినిమాకు లేనిదాన్ని చేర్చడం. రెండోది విడుదలైన రోజున తెర మీద ఉన్నదాన్ని, కాలం మీద పేరుకున్న దుమ్ము, గీతలు, రంగు వెలిసిపోవడం తొలగించి, తిరిగి అందుకోవడం.

కెమెరాలో నడిచిన అసలు ఫిల్మును, అంటే 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను, ముందు శుభ్రం చేస్తారు, చిరిగిన చోట్ల, అతుకులు వదులైన చోట్ల బాగు చేస్తారు. తర్వాత ఒక్కో ఫ్రేమును అడ్డంగా దాదాపు 4,000 చుక్కల వివరంతో స్కాన్ చేస్తారు. నిమిషానికి 1,440 ఫ్రేములు కాబట్టి 99 నిమిషాల సినిమాకు అవి 1,42,000 దాటుతాయి. ఆపై దుమ్ము, గీతలు తీసే పని. ఇంతవరకు ఓపిక, పరికరాలు ఉంటే సాగిపోతుంది. అసలు చిక్కు రంగు దగ్గర వస్తుంది. నెగెటివ్‌లో ఉన్నది సినిమా తుది రంగు కాదు. ల్యాబులో థియేటర్లకు వెళ్లే ప్రింటు తీసేటప్పుడు ఏ దృశ్యానికి ఎంత ఎరుపు, ఎంత ఆకుపచ్చ, ఎంత చీకటి అని ఛాయాగ్రాహకుడు కూర్చుని తేల్చిన నిర్ణయాలు ప్రింటులో ఉంటాయి. నెగెటివ్‌ను సూటిగా స్కాన్ చేసి, తెలుపు తెలుపుగా, చర్మం చర్మంగా సరిదిద్దితే చూడముచ్చటైన బొమ్మ వస్తుంది, కానీ అది ఈ సినిమా కాదు.

ఎందుకంటే 'డెలికాటెస్సెన్' రంగులు సహజమైనవి కావు, కావాలని కుళ్లించినవి. ఛాయాగ్రాహకుడు దారియూస్ ఖోంజీ తీసిన బొమ్మల్లో గాలి కూడా పాచిపట్టినట్టు ఉంటుంది. తుప్పు గోధుమ రంగు, పాకుడు ఆకుపచ్చ, పాత వార్నిష్ పసుపు, వాటి మధ్య అక్కడక్కడా మాంసం ఎరుపు. చర్మం కూడా గోడ రంగులోకి వెళుతుంది. మనుషులకూ సరుకుకూ మధ్య తేడా చెరిగిపోయిన ఇంట్లో అది యాదృచ్ఛికం కాదు. నాలుగేళ్ల తర్వాత హాలీవుడ్‌లో 'సెవెన్' చిత్రానికి ల్యాబు ప్రక్రియతో నలుపును ముద్దలా చిక్కగా మార్చి ఖోంజీ ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు, ఆ చీకటి మీద మక్కువ ఇక్కడే మొదలైంది. పాత టీవీ ప్రసారాల్లో, తొలి డీవీడీల్లో ఈ చీకటి బురదలా కనిపించేది. మెట్ల మూలల్లో ఏముందో తెలిసేది కాదు. మంచి పునరుద్ధరణలో మూల చీకటిగానే ఉంటుంది, కానీ ఆ చీకట్లో గోడ ఉన్నట్టు తెలుస్తుంది, తడి ఉన్నట్టు తెలుస్తుంది. పొగమంచులో నిలబడిన మేడ అంచు పొరలు పొరలుగా విడివడుతుంది.

ప్రమాదాలూ లేకపోలేదు. నేటి టీవీ తెరల వెలుగుకు తగ్గట్టు నీడలను ఎత్తి చూపిస్తే సెట్టు సెట్టులా బయటపడుతుంది. ఫిల్ము గరుకుదనాన్ని మచ్చ అనుకుని కంప్యూటరుతో నునుపు చేస్తే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. పినోన్ ముఖంలోని ముడతలు ఈ కథలో పాత్రతో సమానం. సినిమాకు గరుకు అంటే చర్మానికి రంధ్రాల వంటిది, దాన్ని పూడిస్తే ఊపిరి ఆడదు. ధ్వని విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గొట్టంలోంచి వచ్చే గొంతు కొంచెం మూసుకుపోయినట్టు, దూరంగా, ఎటు నుంచి వస్తోందో తెలియనట్టు ఉండాలి. దాన్ని స్పష్టం చేసి, గది చుట్టూ స్పీకర్లలోకి పంచిపెడితే ఓరోర్ ఎందుకు మోసపోయిందో అర్థం కాదు.

పునరుద్ధరించిన ప్రతిని చూసేవాళ్లు తప్పక నెమ్మదిగా చూడవలసిన భాగం పేర్ల వరుస. తొలి వేటు తర్వాత కెమెరా ఒక చెత్తకుప్ప మీదుగా ఆపకుండా జారుతూ పోతుంది. పనిచేసినవాళ్ల పేర్లన్నీ అందులోని వస్తువుల మీద ఉంటాయి. ఛాయాగ్రాహకుడి పేరు ఒక పాత కెమెరా మీద, సంగీతదర్శకుడి పేరు పగిలిన గ్రామఫోన్ రికార్డు మీద. తక్కువ నాణ్యత గల ప్రతుల్లో ఇవి తెర మీద అతికించిన అక్షరాల్లా కనిపించి, తెలివైన ఆలోచన అనిపించి దాటిపోయేవి. ఇప్పుడు రికార్డు పగుళ్లలో దుమ్ము కనిపిస్తుంది, అక్షరాల అంచుల అరుగుదల కనిపిస్తుంది. ఇవి ఒకప్పుడు ఎవరివో అయిన వస్తువులు, ఎవరో చేత్తో పట్టుకున్నవి. లోకం ఎలా ముగిసిందో సినిమా ఎక్కడా చెప్పలేదన్నది నిజమే, కానీ దానికి సాక్ష్యంగా ఆ కుప్పను చూపించింది. అమెరికాలో ఈ సినిమాను టెర్రీ గిలియమ్ తన పేరు జోడించి ప్రేక్షకులకు పరిచయం చేశారు. గొట్టాలతో నిండిన లోకాన్ని అంతకుముందే తెరకెక్కించిన దర్శకుడికి ఈ కుప్పలో తన బంధువులు కనిపించి ఉంటారు.

సంభాషణలు తక్కువగా, చప్పుళ్లు ఎక్కువగా ఉన్న సినిమా కాబట్టి ఫ్రెంచ్ రాకపోయినా, సబ్‌టైటిల్స్ మీద చూపు ఎక్కువసేపు నిలపకపోయినా కథ అందుతుంది. మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. ముగింపులో నీళ్లు ఇల్లంతా కడిగేశాక, లుయిజోన్ దగ్గరి వింత కత్తి, విసిరినవాడి దగ్గరికే తిరిగి వచ్చే ఆ కత్తి, క్లాపే నుదుట దిగి అతని లెక్క మూసేశాక, మేడ కప్పు మీద లుయిజోన్, జ్యూలీ కూర్చుని రంపమూ చెల్లో వాయిస్తారు. ఆకాశంలో పొగమంచు పలచబడింది. పక్కన పిల్లలిద్దరూ ఉన్నారు. రేపు తినడానికి గింజలు ఎక్కడివో సినిమా చెప్పదు. కింద కొట్టు ఉంది, గొట్టాలు ఉన్నాయి, ఈసారి వాటిలోకి దిగుతున్నది ఆ పాట.